వృద్ధులకు విహారము తగునా?

మంజీరా నదిపై అచ్చంపేట, బంజపల్లి గ్రామముల నడుమ నిలిచియున్న నిజాంసాగరపు ఆనకట్ట దాదాపు 3 కిలోమీటర్ల పొడవు గలది. వానలు వెనుకబట్టిన పిమ్మట, కార్తీక మార్గశీర్ష మాసములందు ప్రాతఃకాలమున ఆ కట్టపై నడచువారికి ఒకవైపు దిగంతము వరకు నీరును, వేరొకవైపు కాలువల క్రింద పండిన చేలును కనబడును. చేపలు పట్టువారి తెప్పలు దూరమున నల్లని చుక్కలవలె కదలుచుండును. ఎండ ముదరకముందు అచట గడపిన రెండు గడియలు మనస్సును తేలికపరచునని చూచినవారు చెప్పుదురు. అట్టి చోట అరువది, డెబ్బది యేండ్లవారు పదిమంది కూడి ఏడు దినములు నివసించి, లింగపూజ చేసికొని, కట్టపై నడచి, ముచ్చటలాడి, పాటలు పాడి, తమ చిన్ననాటి ఆటలాడి తిరిగి ఇండ్లకు వచ్చినచో అందు తప్పేమి? ప్రశ్న చిన్నదిగనే తోచును. ఒక యింటి గడపలో నిలిచి ఈ ప్రశ్నను అడిగినపుడే దాని బరువు తెలియును.

మంజీరా మహారాష్ట్రమున బాలాఘాటు కొండలలో పుట్టి, బీదరు సీమను తడిపి, తెలుగు నేలలో ప్రవేశించును. ఆ బీదరు సీమలోనిదే బసవకల్యాణము. కన్నడము, మరాఠీ, తెలుగు కలిసి వినబడు జుక్కల్, బిచ్కుంద, మద్నూరు ప్రాంతముల లింగాయత కుటుంబములకు కల్యాణమును పరాయిది కాదు, నిజాంసాగరమును పరాయిది కాదు. అచటి పల్లెలలో ఏ యింటిని తీసికొనినను ఇట్టి పెద్దాయన యొకడు కనబడును: తెల్లవారకముందే లేచి, స్నానము చేసి, ఇష్టలింగమును అరచేత నుంచుకొని పూజ ముగించి, కొట్టములోనికి పోయి బర్రెకు మేత వేయును. తరువాత చేను చుట్టివచ్చును. డెబ్బది యేండ్లు నిండినవి, మోకాళ్లు సహకరింపవు, కుమారుడు వలదనుచుండును. అయినను మానడు. ఆయన ఇల్లాలు ఆయనకన్న ముందు లేచును, అందరికన్న వెనుక పండుకొనును. ఆమె జొన్నరొట్టెలు చేయ మొదలిడి అరువది యేండ్లు కావచ్చినది. ఈ దంపతులతో “ఒక వారము నిజాంసాగరము కడకు పోయి హాయిగా ఉండి రండి” అని ఎవరైన ననినచో పెద్దాయన నవ్వి, “మాకెందుకు బిడ్డా అవన్ని? చేసుకొని తినేటోళ్లం” అనును. పెద్దమ్మ ఏమియు ననదు. పొయ్యివైపు చూచును.

కాయకమునే కైలాసముగా నెంచు మార్గమున పుట్టినవారికి ఈ జవాబు సహజము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమున బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులు పని మాని కన్నులు మూసికొని కూర్చున్నవారు కారు. మాచయ్య బట్టలుతికెను. చౌడయ్య పడవ నడపెను. చందయ్య త్రాళ్లు పేనెను. అందును నులియ చందయ్య వృత్తాంతము వినినవారికి విశ్రాంతి యను మాట నోట రాదు. గడ్డి కోయుచుండగా మెడలోని ఇష్టలింగము జారిపడినను ఆయన పని ఆపలేదనియు, లింగమే ఆయన వెంటబడి బతిమాలెననియు, తుదకు మడివాళ మాచయ్య నడుమ కలుగజేసికొనవలసి వచ్చెననియు శరణుల చరిత్ర చెప్పును. లింగమునకైనను కాయకము తప్పదని వాదించిన మహనీయుని పరంపరలోనివారు చెరువు గట్టున కాళ్లు చాపుకొని కూర్చుండుట ఎట్లు? వృద్ధుల విహారమునకు ఎదురుగా చెప్పదగిన వాదములలో ఇదియే బలమైనది. తక్కినవి, అనగా ఇరుగుపొరుగు నవ్వుదురనునవి, ఖర్చగుననునవి, దీని ముందర తేలిపోవును.

అయితే అదే కల్యాణమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను దంపతులుండిరి. బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వానితో దాసోహము సాగించుట మారయ్య కాయకము. ఒకనాడాయన మామూలుకన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ యాశ ఎచటనుండి వచ్చినదని నిలదీసి, మిగులు బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. మఠములలో ఈ కథ చెప్పునపుడు సాధారణముగా లోభమును గూర్చి హెచ్చరించి ముగింతురు. అది సరియే. కాని కథలో ఇంకొక సంగతి దాగియున్నది. ఎక్కువ బియ్యము ఎట్లు వచ్చును? ఎక్కువసేపు వంగి ఏరుట వలననే గదా! ఆనాటికి చాలినంత చేకూరిన పిమ్మట మారయ్య చేయి ఆగవలసినది, ఆగలేదు. లక్కమ్మ తప్పుపట్టినది ఆ ఆగని చేతిని. ఇది బియ్యమును గూర్చిన కథయే గాని విశ్రాంతిని గూర్చినది కాదని ఎవరైన వాదింపవచ్చును. వాదించుటకు వారికి హక్కు కలదు. అయినను కాయకమునకు ఒక మేర గలదనియు, మేర దాటిన పని దాసోహము కాజాలదనియు చెప్పుటకు ఇంతకన్న స్పష్టమైన దృష్టాంతము దొరకుట కష్టము. చందయ్య త్రాడు పేనినది జంగమదాసోహము కొరకు. ఆ త్రాడు అమ్మిన డబ్బుతో ఎవరి ఆకలియో తీరవలెను. కుమారుడు పొలము చేయుచుండగా, ఇల్లు గడచుచుండగా, మోకాళ్ల నొప్పితో పెద్దాయన మరల మరల చేను చుట్టివచ్చుట ఎవరి ఆకలి తీర్చుటకు?

దానికి నిజమైన కారణము వేరు. ఆయన దానిని నోట చెప్పడు. పని మానిన మరుక్షణమున తన మాటకు ఇంటిలో విలువ పోవునని ఆయన భయము. ఈ భయము ఉత్తది కాదు. “కూర్చుండి తినుచున్నాడు” అను మాట మన పల్లెలలో ఎంత పదునైనదో అందరికిని తెలిసినదే. ఎద్దు దున్ననంత కాలము దానికి మేత తూచి వేయుదురు. మనుష్యుని విషయమున ఆ లెక్కను పైకి చెప్పరు, లోలోపల వేయుదురు. పెద్దాయన కొట్టములోనికి పోవుట బర్రె కొరకు మాత్రమే కాదు, సాయంకాలము తన పళ్లెములో పడు రొట్టె తాను సంపాదించినదేయని తనకు తాను నమ్మకము చెప్పుకొనుటకును. ఇట్టివానికి కాయక సిద్ధాంతము ఊతకఱ్ఱ కావలసినది పోయి కొరడా యైనది. బసవేశ్వరుడు కాయకమును బోధించినది మనుష్యుని కులముచేత కొలుచు లోకమునకు ఎదురుగా నిలబడి. ఆ మాటను తీసికొని మనుష్యుని పనిచేత కొలుచు క్రొత్త త్రాసు చేసికొనినచో, ఒక కొలతను విడిచి వేరొక కొలతకు దాసులమగుట మాత్రమే జరుగును.

ఇచట ఒక తేడా గమనింపదగినది. పని లేకుండుట వేరు, విశ్రాంతి వేరు. నిజాంసాగరపు కాలువల క్రింద చెరకు విస్తారముగా పండుట చూచి 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. రెండు మూడు తరములవారికి అది అన్నము పెట్టెను. 2015 డిసెంబరులో అది మూతపడినపుడు పని పోయిన వారిలో నడివయస్సు దాటిన వారెందరో కలరు. మరునాటినుండి వారికి తీరిక దొరకినది. దానిని విశ్రాంతి యని ఎవరైన ననగలరా? చేతిలోని పనిని ఇతరులు లాగికొనగా మిగిలిన ఖాళీ అది. తానై పనిని దించి, మరల ఎత్తుకొందునను ధైర్యముతో కూర్చుండుటయే విశ్రాంతి. ఇంటిలోని పెద్దలను పంపునపుడు కూడ ఈ తేడా మరువరాదు. “ఒక వారము పోయి రండి, ఇల్లు మీదే” అని పంపుట ఒకటి. “ఎచటికైన పోయి ఉండండి” అని పంపుట మరియొకటి. మాటలు ఇంచుమించు ఒకటే. వృద్ధుల చెవి ఆ తేడాను వెంటనే పట్టుకొనును.

మరియొక వాదము కూడ వినబడుచుండును: యావజ్జీవము కష్టపడిరి గావున ఇపుడు సుఖపడుట వారి హక్కు అని. ఇది దయగల మాట. కాని నిదానించి చూచినచో ఇదియును కూలి లెక్కయే. కష్టపడినవారికే సుఖమనినచో, ఆజన్మము రోగియై మంచము పట్టినవారి సంగతి యేమి? పొలము తన పేర లేక, జీతము లేక, అరువది యేండ్లు రొట్టెలు కాల్చిన ఇల్లాలి కష్టము ఏ చిట్టాలో వ్రాయబడియున్నది? నిజాంసాగరమునే చూడుడు. 1923లో మొదలిడి 1931లో ముగించిన ఆ కట్టడమునకు నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు ప్రధాన ఇంజనీరు. ఆనాడు దాదాపు 30 టి.ఎం.సి.ల నీరు పట్టెడి జలాశయము ఏటేట పూడిక చేరి 12 టి.ఎం.సి.ల లోపునకు కుదించుకొనిపోయెను. పిదప నీటిమట్టము పెంచగా నిలువ సామర్థ్యము 17.8 టి.ఎం.సి.లకు చేరినది. ముసలిదైనదని ఎవరును దాని కట్ట తెంపలేదు. వృద్ధులను గూర్చి మాటలాడువారికి ఈ పోలిక నచ్చవచ్చును, కాని ఇది కొంతదూరమే నడచును. చెరువును కాపాడుట దాని నీటి కొరకు. నీరు బొత్తిగా ఎండిన చెరువును దున్ని పంట వేయుదురు. మనుష్యుని గౌరవము అతని వలన పారు నీటిపై ఆధారపడినది కాదు. అది తెలియుటకే లింగమును దేహముపై ధరింపజేసిరి. పని చేయు చేయి యైనను, వణకు చేయి యైనను లింగమునకు పీఠమే.

చెరువు మాట వచ్చినది గావున సొన్నలిగె సిద్ధరాముని తలచకుండ ఉండుట తగదు. నేటి సోలాపురమే నాటి సొన్నలిగె. అచట సిద్ధరాముడు పెక్కుమందిని కూడగట్టి పెద్ద చెరువు త్రవ్వించెను. నీటి నడుమ వెలసిన సిద్ధేశ్వరాలయమును నేటికిని ప్రతి సంక్రాంతికి వేలమంది దర్శించుచున్నారు. లోకమునకు నీరిచ్చుట కన్న గొప్ప తపస్సు లేదని ఆయన నమ్మెను. అల్లమప్రభువు అచటికి వచ్చి, ఆయనను మట్టి త్రవ్వు వడ్డెవానిగా ఎత్తిపొడిచెనని శూన్యసంపాదన చెప్పును. సిద్ధరామునికి కోపము వచ్చెను, రాకుండునా? జీవితమంతయు ధారపోసిన పనిని ఒక దేశద్రిమ్మరి వచ్చి తీసివేయుచున్నాడు. అల్లముడు చెరువును నిందింపలేదు. “నేను త్రవ్వించితిని” అను భావము చెరువుకన్న లోతుగా త్రవ్వబడుచున్నదని చూపించెను. సిద్ధరాముడు ఆయన వెంట కల్యాణమునకు పోయెను. చెరువు సొన్నలిగెలోనే యున్నది, చెడిపోలేదు. పనిని విడిచి పోగలిగినవాడే దానిని పూజగా చేసినవాడని ఈ వృత్తాంతము వలన గ్రహింపవచ్చును. ఏడు దినములు బర్రెను, చేనును, పొయ్యిని విడిచి ఉండలేనివారు వానిని పూజించుచున్నారా, లేక వానికి కట్టుబడియున్నారా? పెద్దాయన కట్టపై కూర్చుండి తన్ను తాను అడుగుకొనదగిన ప్రశ్న ఇది. కొట్టములో నుండగా ఇట్టి ప్రశ్న తట్టదు.

చెరువు గట్టున కూడి జ్ఞానమును వినోదమును కలిపి అనుభవించుట ఇతర దేశములలో కూడ మతసంబంధముగనే మొదలైన సంగతి చెప్పుకొనదగినది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రమున షటాక్వా అను సరస్సు కలదు. 1874లో లూయీ మిల్లరు అను పారిశ్రామికుడును, జాన్ విన్సెంటు అను మతాచార్యుడును ఆదివారపు బడులలో బోధించు ఉపాధ్యాయులను వేసవిలో ఆ తీరమునకు చేర్చి ఒక సభ నడిపిరి. అదియే పెరిగి నేటికిని సాగుచున్న సంస్థయైనది. ఉపన్యాసములు, సంగీతము, సరస్సులో పడవ ప్రయాణములు అన్నియు అందున్నవి. నూరేండ్ల తరువాత, 1975లో, న్యూహాంప్‌షైర్ రాష్ట్రమున మార్టీ నోల్టన్ అను ఉపాధ్యాయుడు, డేవిడ్ బియాంకో అను సహచరునితో కలిసి అరువది యేండ్లు దాటినవారికే ఒక యేర్పాటు చేసెను. వేసవి సెలవులలో ఖాళీగా పడియుండు కళాశాల వసతి గదులలో వారిని వారము దినములు ఉంచి పాఠములు చెప్పించెను. నోల్టన్ అంతకుముందు ఐరోపాలో మూట వీపున వేసికొని కాలినడకన తిరిగినవాడు. యువకులకు అచట సత్రములున్నవి, వృద్ధులకేల ఉండరాదనుకొనెను. మొదటి వేసవిలో 220 మంది వచ్చిరి. తరువాతి యేండ్లలో అది లక్షలమందికి పాకినది. వారికి మెత్తని పరుపులు దొరకలేదు, విద్యార్థుల మంచములే దొరకినవి. అయినను వచ్చిరి. వారిని రప్పించినది సుఖము కాదు. తాము ఇంకను నేర్చుకొనగలవారమని ఎవరో తలంచుటయే.

మన నాట ఈ సంగతి బొత్తిగా క్రొత్త కాదు. కార్తీకమున ఉసిరిచెట్టు క్రింద వనభోజనము చేయుట, జాతరకు బండ్లు కట్టుకొనిపోయి మూడు రాత్రులు ఏటి ఒడ్డున విడియుట మన పెద్దలు చేసినవే. దేవుని పేరు పెట్టినందున వానిని ఎవరును విహారమనలేదు. అయినను బండి దిగిన ముసలివారి ముఖములందు కనబడిన సంతోషము విహారమునకు చెందినదే గదా! పుణ్యము సంపాదించుటకే నవ్వవలెననుట కొంత కపటము. సంతోషమునకు దేవుని అనుమతి కావలెను గాని దేవుని పేరు సాకుగా అక్కరలేదు.

ఇతరులను చూచి వేసవి శిబిరమని పేరు పెట్టుట మాత్రము మన నేలకు పొసగదు. చలిదేశములవారికి వేసవి వరము. నిజాంసాగరమున వైశాఖ జ్యేష్ఠములందు నీరు లోపలికి పోయి నెఱ్ఱెలు వారిన రేగడి బయటపడును; ఎండకు రాతికట్ట పెనమువలె కాలును. బసవజయంతి ఆ దినములలోనే వచ్చినను, వృద్ధులను అపుడు అచటికి తీసికొనిపోవుట దయ కాదు. వానలు నిలిచి, చలి ముదరని కాలము తగినది. ఆ వారమున వారేమి చేయవలెనని పెద్ద ప్రణాళిక వ్రాయుటయు అనవసరము. ఉదయము పూజ, నడక. మధ్యాహ్నము నిద్ర. సాయంకాలము వచనగానమో, శివానుభవ గోష్ఠియో. నడుమ అష్టాచెమ్మ, పచ్చీసు, వామనగుంటలు. డెబ్బది యేండ్ల ముత్తైదువ అష్టాచెమ్మలో కాయను చంపి చప్పట్లు చరచినచో దానివలన ఆచారమునకు భంగము లేదు. జలాశయపు నీరు లోతైనది గావున, చిన్ననాడు బావిలో ఈదితిమను ధైర్యముతో దిగుట మాత్రము కూడదు.

అసలు చిక్కు వంట దగ్గర వచ్చును. పదిమంది వృద్ధదంపతులు చెరువు గట్టున ఏడు దినములు ఉందురు. ఇరువదిమందికి ముప్పూటల ఎవరు వండిపెట్టుదురు? పురుషులు కట్టపై కూర్చుండి అల్లమప్రభువును గూర్చి ముచ్చటించుచుండగా స్త్రీలు లోపల జొన్నపిండి తడుపుచుండినచో, అది సగము మందికే విహారము. తక్కిన సగము మందికి పొయ్యి మాత్రమే మారినది. పాల్కురికి సోమనాథుని బసవపురాణము చదివిన ఇండ్లలో పిట్టవ్వ పేరు తెలియనివారుండరు. మధురలో వైగై నదికి వరద వచ్చి గట్టు తెగగా ఇంటికొకరు వచ్చి మన్ను మోయవలెనని రాజు ఆజ్ఞ. పిట్టు అమ్ముకొని బ్రదుకు ముసలమ్మకు పంపుటకు మనిషి లేడు. పరమశివుడే కూలివాడై వచ్చి, పిట్టు తిని, నాలుగు తట్టలు మోసి, పాడి, ఆడి, గట్టుపై పండుకొని నిద్రించెనని అరవదేశమున చెప్పుదురు. రాజు కోపించి బెత్తముతో కొట్టగా ఆ దెబ్బ రాజు వీపుతో సహా అందరి వీపులకును తగిలెనట. గట్టుపై నిద్రించిన కూలివానిని కొట్టరాదని ఆ కథ గట్టిగా చెప్పుచున్నది. అంతవరకు బాగున్నది. కాని ఆ కథలో దేవునికి సైతము కునుకు దొరకినది, ముసలమ్మకు దొరకలేదు. ఆమె ఆనాడును పిట్టు చేయుచునే యుండెను.

ఆడవారికి విశ్రాంతి అనునది వారి చేతులు ఆగినపుడే కలుగును గాని చోటు మారినపుడు కాదు. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితమైనది. నిజాంసాగరము వరకు పోవుటకు ముసలమ్మ చేతిలో పైకము లేదను అడ్డంకి తొలగినది. పొయ్యి అడ్డంకిని తొలగించు ఆజ్ఞ ఏ ప్రభుత్వమును ఇయ్యజాలదు. దానిని ఇంటివారే తొలగింపవలెను. ఆ వారము కుమారులు, మనుమలు వంతులు వేసికొని వచ్చి వండిపెట్టవచ్చును. రొట్టె గుండ్రముగా రాకపోయినను నష్టము లేదు. లేదా కూలి ఇచ్చి వంటవారిని పెట్టుకొనవచ్చును. అట్లు పెట్టుకొనునపుడు ఆ వంటమనిషి కూడ అరువది యేండ్లదైనచో ఏమి చేయవలెనను ప్రశ్న మిగిలియుండును. ఆమెకు న్యాయమైన కూలియు, ఒక పూట సెలవును, అదే పంక్తిలో భోజనమును ఇచ్చుట దాసోహ ధర్మము తెలిసినవారికి చెప్పవలసిన మాట కాదు. పడవ ఎక్కించి త్రిప్పువానితో బేరమాడునపుడు చౌడయ్య జ్ఞాపకము వచ్చినచో మేలు. ఆ నీటి క్రింద మునిగిపోయిన పల్లెలను గూర్చియు ఒకమాట. జలాశయము నిండుటకై పలు గ్రామములవారు ఇండ్లు, గుడులు, సమాధులు విడిచి లేచిపోయిరి. వారిలోను ముసలివారుండిరి. ఆ వయస్సున వారికి చెరువు గట్టు దొరకినది విహారమునకు కాదు.

ఇక మఠముల సంగతి. ఇట్టి యేర్పాటును మఠములు చేయవలెనని కొందరు కోరుదురు. మఠపు గాదెలోని ధాన్యము ఆకలిగొన్నవారి కొరకు భక్తులిచ్చినది. కలిగినవారి తల్లిదండ్రుల విహారమునకు దానిని వెచ్చించుట న్యాయముగా తోచదు. అది కుమారుల బాధ్యత. 2007లో కేంద్ర ప్రభుత్వము చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము అన్నము, వస్త్రము, నివాసము, వైద్యము అను నాలుగింటిని పోషణగా చెప్పి, వానిని సంతానము నుండి అడుగు హక్కు పెద్దలకిచ్చినది. అదే చట్టము సంక్షేమమను మాటకు అర్థము చెప్పునపుడు వినోద కేంద్రములను కూడ చేర్చినది. చట్టము వ్రాసినవారు సైతము అన్నముతోనే వృద్ధుల అవసరము తీరదని గ్రహించిరి. కాని సంతానము లేనివారు, ఉండియు లేనివారు ప్రతి గ్రామమునను కలరు. వారి విషయమున మఠము వెనుకాడరాదు. ఆకలి పొట్టకు మాత్రమే కలదా? పలుకరించువారు లేక ఏండ్లతరబడి ఒకే గోడను చూచుచు కూర్చున్న ముసలిదానికి ఏడు దినముల నీటి దృశ్యమును, తోటివారి ముచ్చటయు అన్నదానముతో సమానమేయని చెప్పిన అతిశయోక్తి కాదు. పదిమందిలో ఇద్దరు ముగ్గురు ఇట్టివారుండునట్లు చూచి, వారి ఖర్చు మఠము భరించి, ఎవరి ఖర్చు ఎవరు పెట్టుకొనిరో పంక్తిలో తెలియకుండ జరుపవచ్చును. భేదము తెలిసినచో ఆ ముద్ద గొంతు దిగదు.

ఇంతయు చెప్పి మరల ఆ యింటికి పోయినచో పెద్దాయన కాయకమును గూర్చి గాని, అల్లమప్రభువును గూర్చి గాని తర్కింపడు. చాలసేపు ఊరకుండి, “మరి బర్రెకు గడ్డి ఎవరేస్తరు?” అనును. కోడలు గడప దగ్గర నిలిచి, “ఏడు దినాలు మేం ఏస్తం మామా. నువ్వొచ్చినంక మళ్ల నువ్వే ఏద్దువు గాని” అనును. ఆయన తలపాగ సవరించుకొనును, ఒప్పుకొనినట్లే. పెద్దమ్మ మాత్రము ఇంకను పొయ్యివైపే చూచుచుండును. “ఆడ రొట్టెలు ఎవలు చేస్తరు?” అని మెల్లగా అడుగును.

“నువ్వైతె కాదు అత్తమ్మా.”